ఊపిరి అందనప్పుడు పటం చదవడం: పరుగు సాధకులకు, ఓరియంటీరింగ్ చేసేవారికి కొన్ని అరుదైన పద్ధతులు

పటం, దిక్సూచి సాయంతో అడవిలో నిర్ణీత చోట్లను వరుసగా వెతుక్కుంటూ పరిగెత్తే పోటీయే ఓరియంటీరింగ్. ఇందులో కాళ్ల వేగం ఒక్కటే గెలిపించదు. ట్రాక్ మీద పది కిలోమీటర్లు చక్కగా పరిగెత్తగలిగినవారు సైతం అడవిలోకి వెళ్లాక రెండో కంట్రోల్ (పటంలో గుర్తించిన, చేరుకోవలసిన చోటు) దగ్గరే దారి తప్పి, తమకంటే నెమ్మదిగా పరిగెత్తేవారి వెనక మిగిలిపోవడం తరచుగా చూస్తాం. ఇంట్లో కూర్చున్నప్పుడు అదే పటాన్ని వారు తప్పు లేకుండా చదవగలరు. ఊపిరి అందక, గుండె గట్టిగా కొట్టుకుంటున్నప్పుడు చదివే అలవాటు మాత్రం వారికి ఉండదు. అందుచేత కాళ్లకు ఒక రోజు, బుద్ధికి ఒక రోజు అని విడదీయకుండా, అలసటలోనే ఆలోచనకు పని పెట్టే సాధన చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇలాంటి సాధనల్లో అన్నిటికంటే ముందు మొదలుపెట్టవలసింది జ్ఞాపక పరుగు. దీనికి అడవి అవసరం లేదు. 300 లేదా 400 మీటర్ల చుట్టు ఉంటే చాలు. చుట్టు మొదట్లో ఒక పాత ఓరియంటీరింగ్ పటాన్ని, చివర్లో ఖాళీ కాగితాన్ని, పెన్సిలును ఉంచండి. పటం మీద ఒక కంట్రోల్ నుంచి తరువాతి కంట్రోల్‌కు ఉన్న దారిని పది సెకన్లు మాత్రమే చూసి, మాట్లాడటం కష్టమయ్యేంత వేగంతో చుట్టు పూర్తిచేసి, ఆగిన వెంటనే గుర్తున్నదంతా కాగితం మీద గీయండి. తరువాత నెమ్మదిగా నడిచి వెళ్లి, అసలు పటంతో పోల్చుకుని, మరుసటి దారికి సిద్ధం కావాలి. ఇలా ఆరు చుట్లు చేస్తే మొదటిసారికి సరిపోతుంది.

ఆ పది సెకన్లలో ఏం చూడాలన్నదే ఇందులోని కీలకం. పటంలో ఉన్నదంతా పట్టుకోవాలని చూస్తే సగం చుట్టు తిరిగేసరికి ఏదీ మిగలదు. దారిని ఒక చిన్న వాక్యంగా మార్చుకోవాలి: "బాట మలుపు నుంచి ఆగ్నేయంగా వెళ్లి, గుట్టను కుడివైపు ఉంచుకుని దిగితే వాగు, రెండు వాగులు కలిసే చోటికి ఎగువన బండరాయి." ఇందులో బయలుదేరే దిశ ఉంది, పక్కనే తోడుగా వచ్చే గుర్తు ఉంది, కంట్రోల్‌కు ముందు తప్పక దొరికే వాగుల కలయిక ఉంది, పరిగెత్తేవారికి కావలసింది అంతే. గీసిన కాగితాలను పారవేయకుండా వరుసగా దాచుకుంటే, అలసట పెరిగే కొద్దీ మీ జ్ఞాపకం నుంచి దిశ జారిపోతోందో, దూరం జారిపోతోందో, ఎత్తుపల్లాలు జారిపోతున్నాయో తెలుస్తుంది. ఆరు చుట్లు తేలికయ్యాక ఒకేసారి రెండు దారులు గుర్తుపెట్టుకునే ప్రయత్నం చేయవచ్చు.

రెండో పద్ధతి పటం నుంచి సమాచారాన్ని తీసివేయడం. బాటలు, కంచెలు, వృక్షసంపద రంగులు అన్నీ చెరిపేసి, ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గోధుమ రంగు కాంటూర్ రేఖలను, ఉత్తర దిశ గీతలను మాత్రమే ఉంచిన పటంతో అడవిలోకి వెళ్లండి. అడవి పటాల్లో రేఖకూ రేఖకూ మధ్య ఎత్తు తేడా సాధారణంగా 5 మీటర్లు, చదునైన నేలలో 2.5 మీటర్లు. ఆ తేడా కాళ్లకు ఎలా తెలుస్తుందో గ్రహించడానికి మొదట నడవాలి, ఆ తరువాతే పరుగు. దీనికి తోడుగా పట్టీ పటాన్ని కూడా ప్రయత్నించవచ్చు: రెండు కంట్రోళ్ల మధ్య సరళరేఖ వెంట సన్నని పట్టీని మాత్రం వదిలి, మిగతా పటాన్ని కాగితంతో మూసేయాలి. 1:10,000 స్కేలులో ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ అంటే నేల మీద 100 మీటర్లు. దానిని దాటి పక్కకు జరిగితే చేతిలో పటం ఉన్నా లేనట్టే.

ఆ పట్టీలో నిలబడాలంటే దిక్సూచి, అడుగుల లెక్క రెండూ నమ్మకంగా ఉండాలి. చదునైన బాట మీద, పలచని అడవిలో, ఎగువ వాలులో విడివిడిగా 100 మీటర్లు కొలిచి, పరిగెత్తుతూ ఎడమ పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టి, ఆ మూడు సంఖ్యలను దిక్సూచి పలకకు అంటించిన చిన్న టేపు మీద రాసుకోండి. ఓరియంటీరింగ్ పటాల్లోని ఉత్తర గీతలు అయస్కాంత ఉత్తరాన్నే చూపుతాయి కనుక వేరే సవరణ అక్కరలేదు. అయినా దిశలో 5 డిగ్రీల తప్పు 300 మీటర్లు వెళ్లేసరికి దాదాపు 26 మీటర్ల తప్పు అవుతుంది. దట్టమైన అడవిలో కంట్రోల్ కనబడకుండా పోవడానికి అది చాలు. కాబట్టి సూదినే చూస్తూ పరిగెత్తకుండా, అది చూపిన దిశలో దూరంగా ఒక చెట్టును ఎంచుకుని దాని దగ్గరికి వెళ్లాలి. రాత్రి పరుగు ఈ నైపుణ్యాన్ని బాగా పదును పెడుతుంది, ఎందుకంటే తలదీపం వెలుగుకు అవతల గుర్తులేవీ కనిపించవు. అయితే పగలు బాగా తెలిసిన చోటనే, మరొకరి తోడుతో, ఈల వెంట ఉంచుకుని చేయాలి.

స్వీడన్‌లో 1930లలో గోస్టా హోల్మెర్ అనే కోచ్ రూపొందించిన ఫార్ట్‌లెక్ అనే పరుగు సాధనలో వేగాన్ని నిర్ణయించేది గడియారం కాదు, పరిగెత్తేవారి ఇష్టం. దానిని పటానికి ముడిపెట్టండి: స్పష్టమైన బాట మీద పూర్తి వేగం, గుర్తులు తగ్గే కొద్దీ మధ్యస్థం, కంట్రోల్ చుట్టుపక్కలకు రాగానే జాగ్రత్తగా నెమ్మది.

పల్లపు పరుగును చాలామంది సాధన చేయరు, అది పొరపాటు. కిందికి దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బలం ప్రయోగిస్తాయి కనుక అలవాటు లేనివారికి ఒకటి నుంచి మూడు రోజుల పాటు నొప్పి ఉంటుంది. కొద్దిపాటి మోతాదుతో ఒకసారి ఆ అనుభవం కలిగితే, తరువాతి కొన్ని వారాలు అదే పని చేసినా కండరాలకు దెబ్బ తక్కువగా తగులుతుంది. ఏటవాలు తక్కువగా ఉన్న చోట అర నిమిషం చొప్పున నాలుగు సార్లు దిగడంతో మొదలుపెట్టి, నొప్పి పూర్తిగా తగ్గాకే పెంచండి.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ బరువైన బూట్లతో సాధన చేసేవాడు. ఆ బరువు మడమ వెనక స్నాయువుకు అందరిలో ఒకేలా సరిపడదు. ఎత్తైన గడ్డిలో, మెత్తని ఇసుకలో, బురదలో పరిగెత్తితే కాలికి అంతే శ్రమ దొరుకుతుంది, చీలమండలు ఎగుడుదిగుడుకు అలవాటు పడతాయి.

ప్రతి అడవి సాధన తరువాతా, గడియారంలోని జీపీఎస్ జాడను చూడకముందే, మీరు వెళ్లిన దారిని పటం మీద జ్ఞాపకంతో గీసి, ఆపై జాడతో పోల్చండి. రెండూ విడిపోయిన చోట, తప్పు జరగడానికి ముందటి అర నిమిషంలో ఏమనుకున్నారో రాసుకోండి. తరువాతి వారం ఏ సాధన చేయాలో ఆ రాత నుంచే ఎంచుకోవచ్చు. ఇలాంటి పని వారానికి ఒకటి రెండు సార్లకు మించకూడదు, పోటీ ఉన్న వారంలో తేలికపాటి జ్ఞాపక పరుగు మాత్రం ఉంచుకోవాలి.