రాత్రిపూట గెడ్డలో చెత్త పోసి పోతుంటే ఏం చేయాలి

శ్రీకాకుళం దగ్గర మా ఊరి గెడ్డ, అంటే వాగు, నాగావళిలో కలుస్తుంది. కొన్నాళ్లు పొద్దున్నే మదుం (చిన్న కల్వర్టు) దగ్గరికి వెళ్తే గోనెసంచుల్లో కోడి ఈకలు, పేగులు, వాటి కోసం కొట్లాడుకునే కుక్కలే కనిపించేవి. రాత్రి ఎవరో బండి మీద తెచ్చి పడేసి పోయేవాళ్లు. మీ ఊళ్లోనూ ఇలాగే ఉంటే తిట్టుకుని ఊరుకోకండి, ఆపించే దారి ఉంది.

ముందుగా, కుప్పకు నిప్పు పెట్టకండి. వాసన పోతుందని చాలామంది చేసే పని ఇదే, కానీ ప్లాస్టిక్, అందులోనూ పీవీసీ ముక్కలు కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి, ఆ పొగ పీల్చేది మన పిల్లలు, ఆయాసంతో మంచం పట్టిన పెద్దవాళ్లు. పైగా జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆరుబయట చెత్త కాల్చడాన్ని నిషేధించి, మామూలుగా కాలిస్తే 5,000, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు వసూలు చేయాలని చెప్పింది. పోసినవాడు హాయిగా ఉంటాడు, జరిమానా మీకు పడుతుంది.

కాల్చకుండా వదిలేసినా నష్టమే. వాన పడితే కుప్పలోంచి ఊరే నల్లటి నీళ్లు భూమిలోకి దిగి పక్కనున్న బావినీ బోరునీ పాడు చేస్తాయి. కొబ్బరి చిప్పలు, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో డెంగ్యూ దోమ పెరుగుతుంది. అన్నం వాసనకి ఆవులు కవర్లతో సహా మింగేస్తాయి, అవి కడుపులో ఉండలు కట్టి మేత మానేసి చనిపోయిన ఆవులున్నాయి.

ఇక ఆధారాలు. ఫోన్‌లో తేదీ, టైము, లొకేషన్ పడేలా వరసగా నాలుగైదు రోజులు ఫొటోలు తీయండి, ఒక్క ఫొటోతో పని జరగదు. బండి నంబరు కనిపిస్తే రాసుకోండి కానీ చీకట్లో ఒంటరిగా ఎదురెళ్లకండి. సంచుల మీద షాపు పేరో, పార్సిల్ మీద అడ్రసో ఉంటే అదీ ఫొటో తీయండి. సిరంజీలు, రక్తం అంటిన దూది కనిపిస్తే మాత్రం అసలు ముట్టుకోవద్దు, సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెచ్ఐవీ దాకా ప్రమాదం. ఆసుపత్రి చెత్తకు వేరే నియమాలున్నాయి కాబట్టి దాని మీద కాలుష్య నియంత్రణ మండలికి విడిగా ఫిర్యాదు పెట్టండి.

అర్జీ మొదట పంచాయతీ కార్యదర్శికి, టౌన్ అయితే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ఇవ్వండి. నోటిమాటగా చెబితే గాలికి పోతుంది, కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టించి, రసీదు తీసుకోండి. వారం చూసి కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్‌ఎస్‌కి వెళ్లండి, లేదంటే 1100కి ఫోన్ చేయండి. అర్జీ నంబరు జాగ్రత్త.

అప్పటికీ జరగకపోతే ఆర్డీవోకి రాయండి. ఈ సంగతి చాలామందికి తెలియదు: భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఊరికి హాని చేసే దాన్ని తొలగించమని ఆయన ఆదేశం ఇవ్వొచ్చు. మునిసిపాలిటీ వాళ్లు డబ్బుల్లేవంటే, ఆ సాకు చెల్లదని రత్లాం మునిసిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

పోసేవాళ్లకీ ఇది చిన్న తప్పు కాదు. వాగులో, బావిలో కలుషితాలు వేయడాన్ని 1974 నాటి జల చట్టం సెక్షన్ 24 నిషేధిస్తుంది. ఊరుమ్మడి చెరువు నీళ్లను కావాలని పాడు చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 279 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద అయితే 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా కట్టాలి. అర్జీలో ఈ సెక్షన్లు రాయండి, చదివే తీరు మారుతుంది.

మీ అర్జీ ఏమైందో సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కుప్ప తీసేశాక ఆ చోట వెంటనే ఒక లైటు పెట్టించండి, మా మదుం దగ్గర లైటు వెలిగాక సంచులు రావడం ఆగింది.