రథసప్తమికి వెయ్యాల్సినవి ఉగాదికి వేస్తే: డెల్టా పెరట్లో సమస్యలు, పరిష్కారాలు

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో మొదలవుతుంది. గోదావరి డెల్టాలో పెరటి తోట వేసేవాళ్ళు ఆ లెక్క పెట్టుకుంటే తోట సగం పోయినట్టే. ఉగాది వచ్చేసరికి ఎండ ముదిరిపోతుంది, దాళ్వా (రెండో పంట వరి) చేలు పండుబారుతుంటాయి, కోతలు అవుతూ ఉండగానే కాలువలు కట్టేస్తారు. అందుకని మన వసంతపు తోట పని సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే మొదలవ్వాలి. రథసప్తమి నాటికి విత్తులు మట్టిలో పడిపోవాలి.

ఇరుగుపొరుగువాళ్ళు "ఏమండీ, దీనికేం మందు కొట్టాలి?" అంటూ కొమ్మ విరిచి తెస్తుంటారు. వాటిలో ఎక్కువ భాగం పురుగు పట్టినవి కావు, తేదీ తప్పినవి. తర్వాతి స్థానం నీళ్ళదీ మట్టిదీ. పురుగులది ఆ తర్వాతే. అందుకే ఇక్కడ మందుల పేర్లు తక్కువ కనిపిస్తాయి.

ఆకు అంచులు మాడుతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర కడుతోంది

ముందుగా ముదురాకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. నీళ్ళు ఎంత పోసినా మొక్క వాడినట్టే ఉంటుంది. కుండీ అంచున, మడి గట్టు మీద ఉప్పు పేరినట్టు తెల్లగా కనిపిస్తుంది. అది నిజంగానే ఉప్పు.

అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ, అటు నరసాపురం, మొగల్తూరు వైపూ బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. రొయ్యల చెరువుల పక్కన ఉన్న ఇళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కాలువలో నీరున్నంత కాలం ఈ బాధ అంత తెలియదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మళ్ళీ జూన్‌లో వదిలేదాకా తోటంతా బోరు మీదే ఆధారపడుతుంది. మొక్కలు మాడేది సరిగ్గా అప్పుడే. మనం మాత్రం ఎండదెబ్బ అనుకుని ఇంకో బకెట్టు అవే నీళ్ళు పోస్తాం.

ఈమధ్య ఇంకో కారణం కూడా తోడైంది. ఇంట్లో తాగునీటి ఫిల్టరు బయటికి వదిలే నీళ్ళు వృథా చేయడం ఎందుకని గొట్టం తెచ్చి కరివేపాకు మొదట్లో పెడుతున్నారు. ఆ ఫిల్టరు చేసే పనే ఉప్పును వేరుచేసి ఆ నీళ్ళతో బయటికి పంపడం! అవి బాత్‌రూమ్ కడుక్కోవడానికి బాగుంటాయి, మొక్కలకు వద్దు.

ఫిల్టరు బాగుచేసే అబ్బాయి దగ్గర నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటుంది. మీ బోరు నీళ్ళలో ఒకసారి పెట్టించి చూడండి. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు వస్తే ఏ మొక్కకైనా పోయొచ్చు. 2000 దాటితే ఆ నీటితో కూరగాయల మీద ఆశ వదులుకోవడం మంచిది. మధ్యలో ఉంటే జాగ్రత్తతో నెట్టుకురావచ్చు. పాలకూర ఉప్పును బాగానే తట్టుకుంటుంది. టమాటా, మిరప ఒక మాదిరిగా తట్టుకుంటాయి. ఉల్లి, బీన్స్ అసలు ఓర్చుకోలేవు.

కుండీలైతే బాగుచేయడం తేలికే. మంచి నీళ్ళు, అంటే పంచాయతీ కుళాయివో వాన నీళ్ళో, కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్లు నిదానంగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వాలి. ఉప్పు దానితో కొట్టుకుపోతుంది. అడుగున చిల్లు మూసుకుపోతే ఈ పని జరగదు, ముందు అది చూడండి. నేలలో వేసిన మొక్కలకు ఇంత తొందరగా కుదరదు. మన నల్లమట్టి బంకగా ఉంటుంది, నీరు కిందికి దిగదు. అక్కడ జానెడు ఎత్తున మడి కట్టి, గత్తం (మాగిన పశువుల ఎరువు) బాగా కలిపి, పైన వరిగడ్డి మందంగా పరచడమే మార్గం. గడ్డి పరిస్తే నేల ఆరిపోదు. నేల ఆరకపోతే అడుగునున్న ఉప్పు పైకి రాదు. రోజూ చెంబుడు చెంబుడు చిలకరించడం కన్నా రెండు మూడు రోజులకోసారి తనివితీరా పెట్టడం మేలు. నీళ్ళు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద కాదు.

"జిప్సం వేస్తే పోతుందట కదండీ" అంటారు. జిప్సం పనిచేసేది కారు చౌడు (సోడియం పేరుకుని గట్టిపడిన) నేలకు. మామూలు ఉప్పుకు అది మందు కాదు, డబ్బు దండగ. ఏ చౌడో తేల్చుకోవాలంటే మట్టి పరీక్ష చేయించాలి.

ప్లాను వేసేటప్పుడే మే నెల నీళ్ళు లెక్క చూసుకోండి. కాసే ఆనపపాదు ఒక్కటే ఆ ఎండల్లో రోజుకో బిందె తాగేస్తుంది. ఫిబ్రవరిలో ఉత్సాహం కొద్దీ పది పాదులు పెట్టి, మేలో పదింటినీ సగం సగం తడిపి చంపుకోవడం కన్నా మూడు పాదులు చాలు.

కుండీలో మొక్క పసుపు తిరిగి, ఎదుగూ బొదుగూ లేకుండా ఉంది

ఇది నా సొంత నిర్వాకం. కొబ్బరి పీచు తీసేచోట పొట్టు గుట్టలుగా పడి ఉంటే, ఊరికే వస్తోంది కదా అని నాలుగు బస్తాలు తెచ్చి సగానికి సగం కుండీల్లో కలిపేశాను. వంగ, మిరప, బెండ అన్నీ నెల రోజులు అలాగే నిలబడ్డాయి, బొమ్మల్లా. ఆకులు పసుపు తిరిగాయి తప్ప కొత్త ఆకు రాలేదు.

పచ్చి పొట్టులో రెండు దోషాలు ఉన్నాయి. ఒకటి, అందులో ఉప్పూ, వగరు పదార్థాలూ ఉంటాయి. పీచును ఉప్పుకాలువ నీటిలో నానబెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. రెండోది, అది కుళ్ళడానికి నత్రజని కావాలి. ఆ నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటుంది, మొక్కకు మిగల్చదు. పచ్చి ఊక, రంపపు పొట్టు కలిపినా ఇదే జరుగుతుంది.

పొట్టును గోనెసంచిలో కట్టి తొట్టిలో నానబెట్టి పిండి, ఆ నీళ్ళు పారబోయాలి. ఎర్రటి నీళ్ళు పలచబడేదాకా మూడు నాలుగుసార్లు ఇలా చెయ్యాలి. తర్వాత పేడనీళ్ళు చల్లి కొన్ని నెలలు మాగబెడితే నల్లగా, మెత్తగా తయారవుతుంది. కుండీలో అది మూడో వంతు మించకూడదు. ఇప్పటికే పొరపాటు చేసి ఉంటే మొక్కలు పీకక్కర్లేదు. పైన చెప్పినట్టు ఒకసారి నీళ్ళు ధారాళంగా పోసి కడిగి, మాగిన గత్తం, గుప్పెడు వేపపిండి పైన వేసి గొప్పు తవ్వండి. రెండు మూడు వారాల్లో తేరుకుంటాయి. నావి తేరుకున్నాయి, బెండ తప్ప.

చిక్కుడు పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వు లేదు

ఎరువు తక్కువైందని మళ్ళీ మళ్ళీ వేస్తారు. తీగ ఇంకా బలుస్తుంది, పువ్వు మాత్రం రాదు. మన నాటు పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లోనే పూస్తుంది. అందుకే రథసప్తమి నాడు రథం కట్టడానికి చిక్కుడుకాయలు పుష్కలంగా దొరుకుతాయి. ఆ కాయలు చూసి ముచ్చటపడి అప్పుడు విత్తు వేస్తే పగలు పెరిగే కాలంలో పడుతుంది. ఇక దసరా దాటేదాకా ఆకులు లెక్కపెట్టుకోవాల్సిందే.

దీనికి మందు లేదు. ఆ పందిరిని బీరకో కాకరకో ఇచ్చేయండి. చిక్కుడు విత్తులు దాచి ఆషాఢ, శ్రావణాల్లో వేసుకోండి. చిక్కుడు జాతి కూరే కావాలంటే గోరుచిక్కుడు, బొబ్బర్లు ఈ ఎండలకు బాగా కాస్తాయి.

టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోతోంది

ఇదీ తేదీ తప్పే. రాత్రి వేడి 22, 23 డిగ్రీలు దాటితే టమాటా పువ్వులో పుప్పొడి సరిగా పనిచేయదు. మనకు మార్చి రాత్రులే అలా ఉంటాయి. సంక్రాంతికి టమాటా నారుమడిలో ఉంటే ఆలస్యమైనట్టు. అప్పటికి మొక్క పెరట్లో నిలదొక్కుకుని ఉండాలి. కడియం నర్సరీల్లో ఎప్పుడు వెళ్ళినా నారు దొరుకుతుంది. దొరికింది కదా అని మార్చిలో తెచ్చుకోవద్దు.

కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్ళితే అది తెగులు కాదు. నీళ్ళు ఒకరోజు ముంచెత్తి, నాలుగు రోజులు ఎండబెట్టడం వల్ల కాయకు కాల్షియం అందక వచ్చేది. తడి సమంగా ఉంచితే తర్వాతి కాయలు బాగుంటాయి.

ఆనప పిందెలు వేలెడంత పెరిగి మాడిపోతున్నాయి

ముందు పూలు చూడండి. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు, వట్టి కాడ ఉంటే మగపువ్వు. మొదట్లో వచ్చేవి అన్నీ మగపూలే, అవి రాలితే బెంగ అక్కర్లేదు. ఆడపూల పిందెలు పసుపు తిరిగి మాడితే పుప్పొడి అందలేదన్నమాట.

ఉదయాన్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకు రుద్దమని వీడియోల్లో చెప్తారు. గుమ్మడికి, దోసకు, కాకరకు అది సరే. ఆనప, బీర, పొట్ల పూలు విచ్చుకునేది సాయంత్రం పూట. పొద్దున్న చూస్తే వాడిపోయి ఉంటాయి. దీపాలు పెట్టే వేళకు వెళ్ళి అప్పుడే విచ్చుకున్న మగపువ్వు రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండింటికి సరిపోతుంది. మా వీధిలో ఒక అత్తయ్యగారు రోజూ సీరియల్ మొదలయ్యేలోపు ఈ పని ముగించేస్తారు.

పిందె నిలిచి, వంకర తిరిగి, ఒకచోట జిగురు కారుతుంటే అది వేరు. పండు ఈగ గుచ్చి గుడ్లు పెట్టింది. కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు ఉంటాయి. ఆ కాయను పాదులోనే వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది. ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి ఎండలో పడేయండి. నిలిచిన ప్రతి పిందెకూ పాత పంచె గుడ్డతోనో కాగితంతోనో సంచి తొడగండి. నాలుగు పాదులున్న ఇంటికి ఇంతకు మించిన మందు లేదు. వాసనతో ఈగలను లాగే క్యూ లూర్ ఎరలు మగ ఈగలనే పడతాయి కాబట్టి అవి పెట్టినా సంచులు మానొద్దు.

కొత్తిమీర మొలవదు, మొలిస్తే వెంటనే పూతకొస్తుంది

ధనియాలను చెప్పుతోనో సీసాతోనో రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రి నానబెట్టి చల్లాలి. వారం పది రోజులు ఓపిక పట్టండి. ఫిబ్రవరి దాటాక ఎండలో వేస్తే రెండాకులకే పువ్వెత్తుతుంది. కొబ్బరి మట్టల నీడలో వేస్తే కొంత నయం. ఏప్రిల్ నుంచి మాత్రం కొత్తిమీర కొనుక్కోవడమే. ఆ మడిలో తోటకూర, గోంగూర, పుదీనా వేసుకోండి.

ముడతలు, వాడుళ్ళు

మిరపాకు దోనెలా పైకి ముడుచుకుంటే తామరపురుగు, తిరగేసిన దోనెలా కిందికి ముడుచుకుంటే నల్లి. మొదటిదానికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు చాలు. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. చల్లటి వేళే కొట్టాలి, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కొట్టకూడదు, ఆకు మాడుతుంది.

బెండాకు ఈనెలు వలలా పసుపు తిరిగితే పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, నయం కాదు. పీకేయండి. వచ్చే ఏడు ఈ తెగులును తట్టుకునే రకం వేయండి.

వంగ మొవ్వు ఒక్కటే వాలితే లోపల పురుగుంది. వాలినచోటికి అంగుళం కిందికి తుంచి కాల్చేయాలి. మొక్క మొత్తం పచ్చగా ఉండగానే రాత్రికి రాత్రి వాడితే కాండం కోసి గాజు గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. పాలలాంటి తీగలు దిగితే బాక్టీరియా ఎండు తెగులు. ఆ మడిలో మూడేళ్ళపాటు వంగ, టమాటా, మిరప పెట్టొద్దు.

టమాటా ఆకులు ఉన్నట్టుండి దారాల్లా మెలితిరిగితే మీ స్ప్రేయరు ఎక్కడిదో గుర్తుచేసుకోండి. చేలో కలుపుమందు కొట్టిన ట్యాంకు కడిగినా ఆ మందు ఆనవాలు మిగులుతుంది. ఇంటి తోటకు వేరే స్ప్రేయరు పెట్టుకోండి, 2 లీటర్లది చాలు.

టమాటా పీకేశాక మడి ఖాళీగా ఉంది, నీళ్ళా లేవు

కంద పెట్టండి. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం గొంతు దురద పెట్టదు. మొలక కన్ను ఉండేలా అర కిలో ముక్కలు కోసి, పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టి, మూరన్నర దూరంలో నాటి పైన గడ్డి కప్పండి. మొలక లేచేదాకా అప్పుడప్పుడు తడిపితే చాలు, ఈలోగా కాలువలు వదులుతారు. పక్కన కంచెకు రెండు బచ్చలి తీగ ముక్కలు గుచ్చి ఉంచండి. కార్తీకం వెళ్ళేనాటికి కందా బచ్చలీ ఒకే రోజు కోసుకోవచ్చు.