అమెరికా పాతకాలపు నాయకుడి జీవితం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా నాయకుడి గురించి రాయడానికి కూర్చుంటే చాలామంది పుట్టిన తేదీతో మొదలుపెట్టి పదవుల జాబితాతో ముగించేస్తారు, చదివేవాళ్లకి మనిషి మాత్రం కనపడడు. అలా కాకుండా ఆయన దేని మీద మొండిగా నిలబడ్డారో ముందు పట్టుకోండి.

బానిసత్వాన్ని గట్టిగా ఎదిరించిన అమెరికా కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) సభ్యుడు థాడియస్ స్టీవెన్స్‌నే తీసుకుందాం. నేనైతే సమాధి దగ్గర మొదలుపెడతాను. 1868 ఆగస్టు 11న వాషింగ్టన్‌లో చనిపోతే పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో, ఓ చిన్న శ్మశానంలో పూడ్చారు. మిగతా శ్మశానాల్లో జాతిని బట్టి ఆంక్షలున్నాయి కాబట్టి ఏరికోరి దీన్ని ఎంచుకున్నానని, జీవితమంతా వాదించిన సమానత్వాన్ని చావులోనూ చూపించాలనుకున్నానని ఆ రాతి మీదే ఉంది. ఇక్కణ్ణించి వెనక్కి నడవండి. నల్లజాతివాళ్ల ఓటు హక్కు తీసేసిందని 1838 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం మీద ఆయన సంతకమే పెట్టలేదు. 1835లో ఉచిత బడుల చట్టాన్ని రద్దు చేయబోతుంటే రాష్ట్ర సభలో లేచి మాట్లాడి దాన్ని నిలబెట్టారు. ఇంకా వెనక్కి వెళితే 1792లో వెర్మాంట్‌లో వంకర పాదంతో పుట్టిన పేదింటి పిల్లాడు కనిపిస్తాడు, బడి కోసం అంత పట్టుదల ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

మచ్చలు దాచకండి. 1821లో ఇదే మనిషి లాయరుగా ఒక బానిస యజమాని తరఫున వాదించి గెలిచారు, స్వేచ్ఛ కోరి కోర్టుకెక్కిన చారిటీ బట్లర్ అనే ఆమె పిల్లలతో సహా మళ్లీ బానిసత్వంలోకి వెళ్లాల్సి వచ్చింది. నాకు ఇది రాయడం కష్టంగానే ఉంటుంది, కానీ ఇది లేకపోతే తర్వాతి మార్పు ఎంత పెద్దదో తెలియదు.

తేదీల దగ్గర జాగ్రత్త. అప్పట్లో కాంగ్రెస్ పదవీకాలం మార్చి 4న మొదలయ్యేది, అందుకే 1858లో గెలిచిన ఆయన పదవి 1859 నుంచి లెక్క. 1849లో మొదటిసారి వెళ్లింది అప్పట్లో ఉండిన విగ్ పార్టీ తరఫున, తర్వాత రిపబ్లికన్, ఆనాటి పార్టీ పేర్లకి ఈనాటి అర్థాలు అంటగట్టొద్దు. మీరు రాసేది సెనేటర్ (కాంగ్రెస్ ఎగువ సభ సభ్యుడు) గురించైతే, 1913కి ముందు వాళ్లని ఎన్నుకున్నది రాష్ట్ర శాసనసభలని మర్చిపోకండి.

ఆధారాల కోసం డబ్బులు పెట్టక్కర్లేదు. 1833 నుంచి 1873 దాకా కాంగ్రెస్‌లో జరిగిన చర్చలు కాంగ్రెషనల్ గ్లోబ్ అనే సంపుటాల్లో ఉన్నాయి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. 1866 జూన్ 13 తీసి చూడండి. అందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చే పద్నాలుగో రాజ్యాంగ సవరణ తాను కోరినంత గట్టిగా లేదని బాధపడుతూనే, దేవదూతల మధ్య కాదు మనుషుల మధ్య బతుకుతున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నానంటారు స్టీవెన్స్. ఆ ప్రసంగం మొత్తం చదివాకే మీ మొదటి వాక్యం రాయండి.