మూలన పడ్డ యెజ్డీని మళ్లీ రోడ్డెక్కించాలంటే

మీ ఇంటి వసారాలోనో, మేనమామ గారి పశువుల కొట్టంలోనో గోనెపట్టా కింద ఒక పాత జావా మోటార్ సైకిలో యెజ్డీనో ఉంటే, ముందుగా ఒక్క మాట. ఉత్సాహం కొద్దీ కిక్ కొట్టకండి.

మాది 1984 యెజ్డీ రోడ్‌కింగ్. తెనాలిలో నాన్న ఎరువుల కొట్టుకి దాని మీదే వెళ్లేవారు. ఆయన పోయాక పదకొండేళ్లు అది కదల్లేదు. దాన్ని లేపడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అందులో ఐదు నెలలు ఒక చిన్న రబ్బరు రింగు వల్ల పోయాయి. దాని సంగతి కిందే చెబుతాను.

స్పానర్ పట్టే ముందు కాగితాలు చూడండి. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. తుప్పు పట్టి కనిపించకపోతే కిరోసిన్ గుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్దితే అంకెలు తేలతాయి. ఇసుక కాగితం మాత్రం పెట్టొద్దు. బయట కొంటున్నవాళ్లయితే నంబర్లు కలవని బండి ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

ఇప్పుడు ఇంజిన్. ప్లగ్గు ఇప్పి, ఆ రంధ్రంలోంచి రెండు మూడు చెంచాల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకి పెట్రోల్లో కలిపే ఆయిల్) పోసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున ప్లగ్గు లేకుండానే కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. కదిలితే అదృష్టం. కదలకపోతే ఇంకొంచెం పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. బలవంతం చేస్తే పిస్టన్ రింగులు విరిగి సిలిండర్ గోడలు గీరుకుపోతాయి.

ట్యాంకులో పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది. అంతా పారబోయండి. లోపల తుప్పుంటే గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపి, తెల్ల వెనిగర్ నింపి ఒక రోజు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి ఎండబెట్టండి. కార్బొరేటర్ జెట్లలోకి, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల్లోకి, ఇనప తీగ పెట్టకండి, రంధ్రం పెద్దదైపోతుంది. పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టిస్తే చాలు. పాయింట్ల (ప్లగ్గుకి నిప్పురవ్వ రావడానికి తెరుచుకుని మూసుకునే లోహపు ముక్కలు) బండి అయితే వాటిని శుభ్రం చేసి 0.4 మి.మీ. సందు పెట్టండి. చివర్లో వచ్చిన సీడీఐ (పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ పెట్టె) బండ్లకి ఈ పని ఉండదు.

ఇక ఆ రబ్బరు రింగు. క్రాంకుకి, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకి, రెండు పక్కలా ఆయిల్ సీళ్లు అనే రబ్బరు రింగులు ఉంటాయి. టూ స్ట్రోక్ ఇంజిన్ పిస్టన్ కింది గదిలోంచే పెట్రోలు, గాలి పీల్చుకుంటుంది. ఆ గదికి ఎక్కడా గాలి చొరబడకూడదు. ఈ బండ్లు తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అంటే బండితో పాటు వచ్చిన సీలు ఎంత లేదన్నా మూడు దశాబ్దాల నాటిది, రాయిలా గట్టిపడిపోయి ఉంటుంది. పాయింట్ల వైపు సీలు పోతే దొంగగాలి లోపలికి వస్తుంది. గాలి ఎక్కువై, పెట్రోలుతో వచ్చే ఆయిల్ తక్కువై పిస్టన్ కాలిపోతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి లాగేసుకుని తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేరు బాక్సులో ఆయిల్ తరిగిపోతూ ఉంటుంది.

"స్టార్టయింది కదా, సీళ్లు తర్వాత చూద్దాం" అన్నాడు మా మెకానిక్. నేనూ సరేనన్నాను. వేడెక్కాక యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే రేజ్ (ఇంజిన్ వేగం) దానంతటదే పెరుగుతోంది. అది సీలు పోయిందనడానికి గుర్తని నాకప్పుడు తెలియదు. దుగ్గిరాల దాటాక అరవైలో వెళ్తుంటే ఇంజిన్ గొంతు ఒక్క క్షణం సన్నబడింది. అంతే, వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కేసరికి బండి జారుతూ వెళ్లి పక్కన ఆగింది. పిస్టన్ ఇప్పి చూస్తే ఎగ్జాస్ట్ వైపు అల్యూమినియం మీద గోళ్లతో గీరినట్టు చారలు. సిలిండర్ బోరు చేయించి (లోపలి గోడ కొంచెం వెడల్పు చేయించి), దానికి సరిపోయే ఓవర్‌సైజు పిస్టన్ కోసం తిరిగి, మళ్లీ అంతా బిగించేసరికి ఐదు నెలలు. కాబట్టి మొదటి కిక్‌కి ముందే రెండు సీళ్లూ మార్చేయండి. రేజ్ తనంతట తాను పెరిగితే వెంటనే ఆపేయండి.

పెట్రోల్లో ఆయిల్ లీటరుకి 40 మి.లీ. కలుపుతాను, బోరు చేయించిన కొత్తలో 50. బంకులో కళ్లతో కొలవకండి, మందు సీసా మూతలాంటి కొలత ఒకటి దగ్గరుంచుకోండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ తేమ పీలుస్తుంది కాబట్టి నెల రోజులు తీయనప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

రంగు అన్నిటికంటే చివర. అసలు నన్నడిగితే పాత రంగు బతికుంటే దాని జోలికే వెళ్లొద్దు. మా ట్యాంకు మీద నాన్న మోకాలు రాసుకుని రంగు వెలిసిన చోటు ఒకటుంది. దాన్ని అలాగే ఉంచాను.

పార్టుల కోసం విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్, ఢిల్లీ కరోల్ బాగ్ తిరిగాను. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది తోటి బండివాళ్లే. ఏటా జూలై రెండో ఆదివారం జావా యెజ్డీ రోజని చాలా ఊళ్లలో కలుస్తారు. బండి లేకపోయినా వెళ్లండి. సాయం అడిగేటప్పుడు "స్టార్ట్ కావట్లేదు" అని ఊరుకోకుండా ప్లగ్గు ఇప్పి దాని రంగు ఫొటో తీసి, ఏ సంవత్సరం బండి, ఆయిల్ ఎంత కలిపారు, చల్లగా ఉన్నప్పుడా వేడిమీదా అనేది చెప్పండి. నా సీళ్ల జబ్బుని ఒక పెద్దాయన ఫోన్లో శబ్దం విని పట్టేశారు. తన దగ్గర దాచుకున్న జత కూడా ఇచ్చారు. నేను ఆయనకి ఫుట్‌రెస్ట్ రబ్బర్లు వెతికిపెట్టాను.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. అయితే దాన్ని రోజూ తిప్పడానికి వీల్లేదు. అరవైల నాటి జావాకి ఆ దారి ఉంది. రోజూ తిప్పుకునే రోడ్‌కింగ్‌కి మామూలుగా ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చాలు.

మొదటి నెల ఊరు దాటకండి. నా సీటు కింద ఎప్పుడూ ఒక కొత్త ప్లగ్గు, ప్లగ్గు స్పానర్, పాయింట్ల మధ్య పెట్టే గేజ్, క్లచ్ కేబుల్, అర లీటరు టూటీ ఆయిల్, ఒక పాత బనీను గుడ్డ ఉంటాయి.