కుండపోతకు మైక్రోవేవ్ లింక్ నిలవాలంటే లెక్క ఎలా వేయాలి?

నెల్లూరు తీరంలో 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు టవర్ల మధ్య 18 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ లింక్, అంటే తీగ లేకుండా రేడియో తరంగాలతో సమాచారం పంపే మార్గం, వేయాలనుకుందాం. మొదట తేల్చుకోవలసింది ఏడాదికి ఎంత వాన పడుతుందన్నది కాదు, పడినప్పుడు ఎంత జోరుగా పడుతుందన్నది. రోజంతా ముసురు పట్టి 100 మిల్లీమీటర్లు కురిసినా లింక్‌కు పెద్ద ఇబ్బంది ఉండదు. అదే గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో పది నిమిషాలు దంచికొడితే తెగిపోవచ్చు. అందువల్ల 24 గంటల వర్షపాతం అంకెలను పక్కన పెట్టి, ఏడాదిలో 0.01 శాతం కాలం, అంటే సుమారు 53 నిమిషాలపాటు వాన ఏ తీవ్రతను మించుతుందో ఆ అంకెను తీసుకోవాలి. అది నిమిషం సగటు మీద కొలిచినదై ఉండాలి, ఎందుకంటే గంట సగటులో అసలు జోరు కనబడకుండా పోతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం పీ.837 సిఫారసులో ఏ ప్రాంతానికైనా ఈ విలువ దొరుకుతుంది. దగ్గరలో నమ్మదగిన కొలతలు ఉంటే వాటినే వాడడం మేలు. ఇక్కడ గంటకు 100 మిల్లీమీటర్లు అనుకుందాం.

18 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 17 మిల్లీమీటర్లు. ఉరుముల వానలో పెద్ద చినుకులు 5 మిల్లీమీటర్ల వరకూ ఉంటాయి కనుక అవి తరంగ శక్తిని కొంత పీల్చుకుని, కొంత చెదరగొడతాయి. 7 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 43 మిల్లీమీటర్లు కావడంతో నష్టం చాలా తక్కువ. పైగా పెద్ద చినుకులు పడేటప్పుడు గాలి ఒత్తిడికి అడుగున చదునై అడ్డంగా వెడల్పవుతాయి. అందుకే తరంగం అడ్డంగా కంపించే క్షితిజ పోలరైజేషన్‌కు, నిలువుగా కంపించే నిలువు పోలరైజేషన్ కంటే ఎక్కువ దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు లెక్క. పీ.838 సిఫారసు ప్రకారం 18 గిగాహెర్ట్జ్ నిలువు పోలరైజేషన్‌కు వాన తీవ్రతను 1.0025 ఘాతానికి హెచ్చించి 0.07708తో గుణించాలి. కిలోమీటరుకు 7.8 డెసిబెల్ నష్టం వస్తుంది (ప్రతి 10 డెసిబెల్‌కు సంకేత శక్తి పదో వంతుకు పడిపోతుంది). అదే క్షితిజానికి 10.3, 7 గిగాహెర్ట్జ్ నిలువుకు 1.3 మాత్రమే. అయితే దీన్ని నేరుగా 8తో గుణించకూడదు. ఇంత జోరు వాన కొద్ది కిలోమీటర్ల మేరకే ఉంటుంది గనుక మార్గమంతటా ఒకేసారి కురవదు. చాలాకాలం వాడుకలో ఉన్న సరళమైన పద్ధతిలో ఈ తీవ్రతకు 8 కిలోమీటర్లు దాదాపు 4 కిలోమీటర్ల ప్రభావ దూరంగా మారతాయి. అంటే నిలువు పోలరైజేషన్‌కు నష్టం సుమారు 31 డెసిబెల్, క్షితిజానికి 41.

దీన్ని ఫేడ్ మార్జిన్‌తో, అంటే లింక్ తెగకుండా సంకేతం ఎంతవరకు తగ్గవచ్చో ఆ వెసులుబాటుతో, పోల్చి చూడాలి. ఎండ రోజున అందే సంకేతం మైనస్ 40 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లో చెప్పే శక్తి), ఎక్కువ వేగమిచ్చే 256 క్వామ్ మాడ్యులేషన్‌కు రేడియో అడిగే కనీస స్థాయి మైనస్ 66 అనుకుంటే మార్జిన్ 26 డెసిబెలే, చాలదు. వేగం తక్కువైనా బలహీన సంకేతంతో నడిచే క్యూపీఎస్‌కే మాడ్యులేషన్‌కు మైనస్ 86 చాలితే మార్జిన్ 46 అవుతుంది. కనుక సంకేతాన్ని బట్టి వీటి మధ్య దానంతటదే మారే అడాప్టివ్ మాడ్యులేషన్‌ను తప్పక ఆన్ చేసి ఉంచాలి: వేగం పడిపోతుంది గాని లింక్ బతుకుతుంది. తడిసిన రేడోమ్ (యాంటెన్నా ముందుండే కప్పు) మీది నీటిపొర కోసం మరో ఒకటి రెండు డెసిబెల్ కలుపుకోవడం వివేకం.

వాన నష్టాన్ని ఇంకా తగ్గించాలంటే హాప్‌ను, అంటే రెండు టవర్ల మధ్య దూరాన్ని, నడుమ మరో టవర్‌తో రెండుగా విడగొట్టాలి, లేదా 7 గిగాహెర్ట్జ్‌కు దిగాలి. అదే టవర్ మీద రెండో యాంటెన్నా పెట్టడం, అదే బ్యాండ్‌లో రెండో ఫ్రీక్వెన్సీ తీసుకోవడం మల్టీపాత్ ఫేడింగ్‌కు (ఒకే సంకేతం వేర్వేరు దారుల్లో వచ్చి తనతో తానే ఢీకొని బలహీనపడడం) మందు గాని వానకు కాదు. రెండు సంకేతాలూ అదే వానలోంచి పోతాయి. వేరే టవర్ల మీదుగా వేరే దిక్కున చుట్టి వెళ్లే రింగ్ మార్గమే నిజమైన రక్ష.

లింక్ నడుస్తున్నాక, వాన వెలిసిన కొద్ది నిమిషాల్లో స్థాయి మామూలుకు వస్తే కారణం వానే. గంటలు గడిచినా తక్కువగానే ఉంటే కనెక్టర్‌లోకి నీరు చేరిందా, గాలికి డిష్ తిరిగిందా చూడాలి. వాన లేని, గాలి స్తంభించిన రాత్రుల్లో పడిపోతుంటే అది మల్టీపాత్ కావచ్చు; దానికి పైన కాదన్న రెండో యాంటెన్నాయే సరైన పరిష్కారం.