తాబేలు పిల్లను నీళ్ల బకెట్‌లో వేయకండి

మొన్న సెలవులకు వెళ్లిన ఒక తీరంలో తెల్లవారుతుండగా చూసిన దృశ్యం నన్ను ఇంకా వదలలేదు. ఒక కుటుంబం సముద్రపు నీళ్లు నింపిన బకెట్‌ను ఒలకకుండా మోసుకొస్తోంది. అందులో 6 తాబేలు పిల్లలు. ముందు రోజు రాత్రి బస చేసిన గది వెనుక దారిలో పాకుతూ కనిపించాయట. కుక్కల నోట పడతాయేమోనని జాలిపడి ఏరి, నీళ్లలో వేసి, గదిలో ఉంచారు. "రాత్రంతా ఎంత హుషారుగా ఈదాయో!" అని ఆ ఇంటి పాప సంతోషంగా చెప్పింది. అప్పటికే రెండు కదలడం లేదు. మిగిలిన నాలుగింటినీ నీటి అంచున వదిలారు. వచ్చిన ప్రతి అలా వాటిని తిరిగి ఇసుక మీదికే విసిరింది.

వాళ్లలో ఎవరి మనసులోనూ చెడు లేదు. అందుకే ఇది రాస్తున్నాను. చెత్త వేయకండి, గుడ్లు ఎత్తుకుపోకండి అని మీకు చెప్పనక్కరలేదు. తాబేళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లే చేసే తప్పు ఒకటుంది. దాన్ని నేను చూడడం ఇదే మొదటిసారి కాదు.

బకెట్‌లో ఏం జరుగుతుంది

గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్ల కడుపులో కొంత పచ్చసొన మిగిలి ఉంటుంది. అదే దాని దారి బత్తెం. పిల్లలన్నీ కలిసి కొన్ని రోజుల పాటు ఇసుకను తవ్వుకుంటూ పైకి రావడానికీ, నీటి దాకా పాకడానికీ, ఒడ్డు దగ్గర కాచుకుని ఉన్న చేపలనూ పక్షులనూ దాటి లోతు నీళ్లకు చేరడానికీ ఆ బత్తెమే ఆధారం. ఒంటికి నీరు తగలగానే వాటిలో ఒక ఉరవడి మొదలవుతుంది. దాదాపు ఒక రోజు పాటు ఆగకుండా ఈదుతాయి. బకెట్‌లో వేసినా అదే ఉరవడి, అదే ఈత. చూసేవాళ్లు ఆడుకుంటున్నాయని మురిసిపోతారు. అవి ఆడుకోవడం లేదు. సముద్రం దాటించాల్సిన బత్తేన్ని ప్లాస్టిక్ గోడల మధ్య ఖర్చు చేసుకుంటున్నాయి. తెల్లవారి మీరు వదిలేసరికి ఈదే శక్తి ఉండదు.

నీళ్లు మార్చినా, సముద్రపు నీళ్లే పోసినా, పెద్ద తొట్టి అయినా తేడా లేదు. నీళ్లే తప్పు.

దారి తప్పడానికి కారణం

ఆ పిల్లలు గది వెనక్కి ఎలా వచ్చాయి? దీపాల వల్ల. ఇసుక చల్లబడ్డాక, ఎక్కువగా రాత్రి వేళ, పిల్లలు పైకి వస్తాయి. చీకటిగా, ఎత్తుగా కనిపించే దిబ్బలకు దూరంగా, కిందుగా వెలుతురు కనిపించే దిక్కుకు పాకుతాయి. మనుషులు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. సెలవుల తీరంలో అది మన వరండాలో ఉంటుంది. కాబట్టి సముద్రం వైపు గది తీసుకుంటే చీకటి పడగానే తెరలు వేసి, బయటి దీపం ఆర్పండి. ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉంటే చాలని కొందరు అనుకుంటారు. ఎర్ర కాంతి హాని తక్కువ చేస్తుంది, అసలు చేయదని కాదు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కాసేపు ఆగితే వెన్నెల లేని రాత్రి కూడా నడవవచ్చు.

తల్లి కనిపిస్తే

నీటిలోంచి పైకి వచ్చేటప్పుడూ, గుంట తవ్వేటప్పుడూ తల్లి తాబేలు చాలా బెదురుగా ఉంటుంది. ఎదురుగా మనిషి కదిలితే చాలు, గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోతుంది. ఉన్నచోటే కూర్చోండి. కదలకండి. కంటి నుంచి నీరు కారుతోందని దగ్గరికి పోకండి, అది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపడం. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అది కదలదు గనుక ఫొటో తీయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. తిరుగు దారి ఇంకా మిగిలే ఉంది.

ఒక్కో గుంటలో చాలా జాతులకు సుమారు 100 గుడ్లు ఉంటాయి. పిల్లలు రావడానికి సుమారు 45 నుంచి 70 రోజులు పడుతుంది. అంటే తల్లి వెళ్లిపోయిన తరువాత రెండు నెలల పాటు మీ చాప కింద గుడ్లు ఉండవచ్చు. టర్కీలోని ఇజ్తూజు తీరంలో అందుకే గుడ్లు పెట్టే ఇసుకను వేరు చేసి, గొడుగులను ఆ పట్టీలో పాతనివ్వరు, రాత్రి వేళ తీరాన్ని మూసేస్తారు. అలాంటి ఏర్పాటు లేని చోట గొడుగును అలలు తడిపే ఇసుకకు దగ్గరగా పాతండి. పొడి ఇసుకలో దిగిన ఊచ నేరుగా గుడ్లలోకి దిగవచ్చు.

ఇక వరుసగా చెబుతాను.

సాయంత్రం లేచేటప్పుడు మీ పిల్లలు ఆడుతూ తవ్విన గోతులు పూడ్చండి, ఇసుక కోటలు చదును చేయండి. అరచేతి కన్నా చిన్నదైన పిల్లకు మోకాలి లోతు గొయ్యి బావితో సమానం.

కుర్చీలు, పడవలు రాత్రి ఇసుక మీద వదలకండి.

బయటపడిన గుడ్లను తిప్పకండి, మళ్లీ పూడ్చకండి. కొన్ని గంటలు గడిచిన గుడ్డులో పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుని ఉంటుంది. తిప్పితే చనిపోవచ్చు. తీరంలోని తాబేళ్ల సంరక్షకులకు చెప్పండి.

కుక్కను తీసుకురాకండి.

తీరం మీద మంట వేయకండి.

ఫ్లాష్ వాడకండి. ఫోను తెర కూడా దీపమే.

సముద్రం వైపే పాకుతున్న పిల్లను ఎత్తకండి, చేత్తో నీళ్లలో వేయకండి. ఆ నడకలోనే అది దిక్కు పట్టుకుంటుంది. దాని ముందు నుంచి మనుషులను తప్పించండి, అంతే.

పిల్లలకు తాబేలు పిల్లను "ఒక్కసారి" పట్టుకోనివ్వకండి.

నీళ్ల బకెట్‌లో వేయకండి.

రోడ్డు మీదో, ఎండలోనో, గది వెనుకో దారి తప్పిన పిల్ల దొరికితే ముందు అటవీ శాఖకో, తీరంలోని తాబేళ్ల సంరక్షకులకో ఫోన్ చేయండి. ఆ నంబరు సెలవు మొదటి రోజే అడిగి రాసుకోండి, అర్ధరాత్రి వెతుక్కోకండి. వాళ్లు వచ్చేలోగా బకెట్ అడుగున 2 వేళ్ల మందం తడి ఇసుక పరిచి, పిల్లను దాని మీద ఉంచండి. పైన పలచని గుడ్డ కప్పి, నీడలో, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టండి. తినడానికి ఏమీ వేయకండి. మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూడకండి. ఎవరో ఒక పెద్దవాళ్లు ఆ బకెట్ పక్కనే కూర్చోండి, ఎందుకంటే మీరు అటు తిరగగానే జాలిగుండె ఉన్న ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తారు.