ట్రక్ సస్పెన్షన్‌ని పోల్చడం నేర్చుకుందాం – 4వ పాఠం: కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందా?

ఈ పాఠంలో షాక్ అబ్జార్బర్ల రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగడం) గురించి చెప్పాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. మూడో పాఠం చదివాక మీరు పంపిన కొలతలన్నీ వరసగా చూశాను. చాలామంది ఎంతో కష్టపడి కొలిచారు, కానీ ఆ అంకెలతో రెండు సెటప్‌లని పోల్చే వీలే లేదు. అది సరిచేసుకోకుండా షాక్‌ల జోలికి వెళ్తే పునాది లేకుండా గోడ కట్టినట్టే.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క మాట. మన ఉదాహరణ బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. మన శ్రీసిటీలోనే తయారవుతుంది. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టుకునే రెండు ఆర్మ్‌లు), కాయిల్ స్ప్రింగులు. వెనక కమాన్ కట్టలకి (పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులకి) బిగించిన హౌసింగ్, అంటే వెనక ఇరుసు గొట్టం. హైలక్స్‌ది కూడా ఇదే అమరిక కాబట్టి ఆ బండి ఉన్నవాళ్ళు అన్నీ యథాతథంగా వాడుకోవచ్చు. 2020 తర్వాతి థార్ అయితే ముందు భాగం గురించి చెప్పేది సరిపోతుంది. వెనక మాత్రం కాయిల్ స్ప్రింగులు, లింకులు ఉంటాయి.

మొదటి తడబాటు ఎత్తు కొలవడంలో వచ్చింది. ఎక్కువమంది నేల నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టారు. ఒకరు "లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) వేశాక ముందు భాగం 5 సెంటీమీటర్లు లేచింది" అని రాస్తూ, అదే వారంలో 255/60 ఆర్18 టైర్లు తీసి 265/65 ఆర్18 వేయించానని చివర్లో చెప్పారు. పాత టైరు వ్యాసం సుమారు 76.3 సెం.మీ., కొత్తది సుమారు 80.2. అంటే ఇరుసు దగ్గర దాదాపు 2 సెంటీమీటర్లు టైరే లేపింది. కిట్ చేసిన పని మూడే. చక్రం నట్టనడుమ, అంటే హబ్ మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచుకు కొలవండి. అప్పుడు టైరు సైజు, అందులోని గాలి రెండూ లెక్కలోంచి తప్పుకుంటాయి.

కొలిచే ముందు బండిని నాలుగైదు మీటర్లు ముందుకు నడిపి, బంపర్ పట్టుకుని నాలుగుసార్లు ఊపి వదలండి. జాకీ దింపిన వెంటనే కొలిస్తే ముందు చక్రాలు లోపలికి ముడుచుకునే ఉంటాయి. టైరు నేలని పట్టుకుని పక్కకి జారనివ్వదు కాబట్టి బండి ఎత్తుగా కనిపిస్తుంది. వర్క్‌షాపులో దించగానే తీసిన ఫోటో చూసి మురిసిపోయినవాళ్ళు, రెండు రోజుల తర్వాత "స్ప్రింగ్ కూలిపోయింది" అని కంగారు పడటానికి కారణం ఇదే. స్ప్రింగుకి ఏమీ కాలేదు.

ఇక అసలు విషయం, కాలర్. షాక్ మీద స్ప్రింగుని పట్టి ఉంచే, మరతో జరిపే రింగు అది. మీ ఉత్తరాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన వాక్యం ఇది: "కాలర్ బిగించాను, స్ప్రింగ్ గట్టిపడింది." వర్క్‌షాపుల్లోనూ ఇదే మాట, పార్టులు అమ్మేవాళ్ళ దగ్గరా ఇదే మాట. ఈ ఒక్క అపోహ వల్ల జనం వేలకి వేలు తప్పు స్ప్రింగుల మీద పోస్తున్నారు. అందుకే దీన్ని విడమరిచి చెప్పకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయను.

అంకెలతో చూద్దాం. ముందు ఒక చక్రం మీద, చక్రమూ బ్రేకూ లాంటి కింది భాగాలు తీసేస్తే, 490 కిలోల బరువు ఉందనుకోండి. స్ప్రింగ్ చక్రం దగ్గర ఉండదు, కింది ఆర్మ్ మీద లోపలికి ఉంటుంది. చక్రం 100 మి.మీ. కదిలితే షాక్ 55 మి.మీ. కదులుతుందనుకుందాం. అప్పుడు స్ప్రింగ్ మీద పడే బరువు 490ని 0.55తో భాగిస్తే వచ్చేది, సుమారు 890 కిలోలు. స్ప్రింగ్ బలం మిల్లీమీటరుకి 10 కిలోలు అయితే, 890 కిలోలు మోయడానికి అది 89 మి.మీ. నొక్కుకోవాలి. ఈ 89ని గుర్తు పెట్టుకోండి.

బిగించేటప్పుడే స్ప్రింగుని 20 మి.మీ. నొక్కి కూర్చోబెట్టాం. అదే ప్రీలోడ్. బండి దించాక ఇంకో 69 మి.మీ. నొక్కుకుంటుంది. మొత్తం 89. ఇప్పుడు కాలర్‌ని ఇంకో 10 మి.మీ. బిగించండి. ప్రీలోడ్ 30 అయింది. బండి బరువు మారలేదు కాబట్టి స్ప్రింగ్ మళ్ళీ 89 దగ్గరే ఆగుతుంది. 30 ముందే అయిపోయింది, మిగతా 59 బండి దించాక. అంటే షాక్ మునుపటికన్నా 10 మి.మీ. ఎక్కువ సాగి నిలబడుతుంది, చక్రం దగ్గర బండి సుమారు 18 మి.మీ. లేస్తుంది. స్ప్రింగ్ పొడవు మారిందా? లేదు. మోస్తున్న బరువు మారిందా? లేదు. ఇంకో కిలో వేస్తే ఎంత దిగుతుందన్నది మారిందా? అదీ లేదు.

దీన్ని ఇంకోలా సరిచూసుకోవచ్చు. చక్రం దగ్గర స్ప్రింగ్ బలం కావాలంటే 10ని 0.55తో రెండుసార్లు గుణించాలి. మిల్లీమీటరుకి సుమారు 3 కిలోలు వస్తుంది. ఒక్కసారే గుణించి ఆపేసేవాళ్ళు ఎక్కువ, జాగ్రత్త. 490 కిలోలకి చక్రం దగ్గర కుంగు సుమారు 16.2 సెం.మీ. బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో తెలుసుకోవడానికి నేను ఎప్పుడూ వాడే అడ్డదారి ఒకటుంది. సెంటీమీటర్లలో కుంగు తీసుకుని, దాని వర్గమూలంతో 5ని భాగించండి. 16.2కి వర్గమూలం సుమారు 4, కాబట్టి ఊగు 1.24 హెర్ట్జ్. కాలర్ ఎంత బిగించినా ఈ అంకె 1.24 దగ్గరే ఉంటుంది.

మరి బిగించాక బండి ఎందుకు గట్టిగా కొడుతోంది? కొడుతోందన్నది నిజమే, మీ నడుము అబద్ధం చెప్పదు. కారణం వేరే ఉంది. 20 మి.మీ. ప్రీలోడ్‌తో షాక్ పూర్తిగా సాగడానికి ఇంకా 69 మి.మీ. ఉంది, చక్రం దగ్గర అది 125 మి.మీ. దాన్ని 50కి బిగించి 5 సెంటీమీటర్ల పైచిలుకు లిఫ్ట్ తెచ్చుకున్నారనుకోండి. షాక్‌లో మిగిలింది 39, చక్రం దగ్గర 71 మాత్రమే. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, గుంతలోకి దిగేటప్పుడు చక్రం కిందికి జారాలి. జారేంత దూరం మిగల్లేదు. షాక్ చివరిదాకా సాగి 'టక్' మని ఆగుతుంది. మీరు గట్టితనం అనుకున్నది ఈ దెబ్బనే. దీనికి మెత్తటి స్ప్రింగ్ కొని, ఎత్తు కోసం దాన్నీ మళ్ళీ అంతే లేపితే, కిందికి మిగిలిన దూరం అదే ఉంటుంది కాబట్టి దెబ్బ కూడా ఉంటుంది. కావాల్సింది పొడవైన షాక్, లేదా తక్కువ లిఫ్ట్. నా ఓటు ఎప్పుడూ తక్కువ లిఫ్ట్‌కే. వీ-క్రాస్‌కి ముందు 4 సెంటీమీటర్లు దాటితే నాకు నచ్చదు.

ఒకే ఒక్క సందర్భంలో "గట్టిపడింది" అన్న మాట నిజమవుతుంది. ప్రీలోడ్‌ని మన లెక్కలోని 89 దాటించి బిగిస్తే, బండి తన బరువుతో స్ప్రింగుని నొక్కనే లేదు. అప్పుడు షాక్ పూర్తిగా సాగి నిలబడిపోతుంది. అంత బిగించే బండి దాదాపు ఉండదు.

స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన ముక్క) పైన పెట్టే, దిమ్మె లాంటి స్పేసర్‌ని కూడా చాలామంది కాలర్‌తో కలిపేశారు. స్ట్రట్‌కీ ఛాసిస్‌కీ మధ్య స్పేసర్ పెడితే ప్రీలోడ్ మారదు. షాక్ మొత్తం కిందికి జరుగుతుంది. చక్రం కిందికి జారే దూరం అంతే ఉంటుంది కానీ, అప్పటికే లేచిన ఎత్తు నుంచి జారుతుంది కాబట్టి బాల్ జాయింట్, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు ఎప్పుడూ లేనంతగా వంగుతాయి. పైకి వచ్చేటప్పుడు బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మె) తగలకముందే షాక్ లోపలి అడుగు తగిలే ప్రమాదం కూడా ఉంది. రెండు పద్ధతుల్లోనూ బండి ఒకే ఎత్తు లేస్తుంది, ఫోటోలో తేడా కనబడదు, నడకలో మాత్రం చాలా తేడా. పోల్చేటప్పుడు "2 అంగుళాల లిఫ్ట్" అని రాసి వదిలేయకండి. ఏ పద్ధతిలో లేపారో రాయండి.

ఇదంతా ఇంకా నమ్మకం కుదరకపోతే ఇంట్లో బైకు ఉంది కదా. స్ప్లెండర్ లాంటి బండికి వెనక షాక్‌ల మీద అయిదు మెట్ల సర్దుబాటు ఉంటుంది. చుట్లన్నీ సమదూరంలో ఉన్న స్ప్రింగ్ అయి ఉండాలి. మొదటి మెట్టు మీద ఒకరు కూర్చోండి, ఇంకొకరు వెనక ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలవాలి. తర్వాత వెనక సీటు మీద 25 కిలోల బియ్యం బస్తా పెట్టి, రెండుసార్లు ఊపి మళ్ళీ కొలవండి. ఎంత దిగిందో రాసుకోండి. ఇప్పుడు అయిదో మెట్టుకి మార్చి అదే చేయండి. ఎత్తు మారుతుంది. బస్తాకి దిగిన దూరం, టేపు తేడా తీసేస్తే, మారదు.

వెనక కమాన్ కట్టల గురించి క్లుప్తంగా. ఇక్కడ పరిస్థితి వేరు. అదనంగా పట్టీ వేస్తే బలం నిజంగానే పెరుగుతుంది. అదే పొడవు, అదే వెడల్పు ఉన్న పట్టీకి బలం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మి.మీ. పట్టీ బదులు 8 మి.మీ. పట్టీ అంటే 2.4 రెట్లకి దగ్గర. మెకానిక్ "కొంచెం మందం పట్టీ వేశా సార్" అంటే ఆ కొంచెం ఎంతో గేజ్ పెట్టి చూడండి. కట్టకీ హౌసింగ్‌కీ మధ్య దిమ్మె పెట్టి లేపితే బలం మారదు కానీ, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ మెలిపడటం ఎక్కువవుతుంది. నేను దిమ్మెల్ని సిఫారసు చేయను. వాడే బరువుకి సరిపడా కొత్త కట్ట మొత్తం చేయించుకోవడం మేలు.

కట్టలో పట్టీల రాపిడి వల్ల కొలత ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. వెనక బంపర్ మీద ఎక్కి దిగి ఒకసారి, బంపర్‌ని పైకి ఎత్తి వదిలి ఒకసారి కొలిచి, సగటు తీసుకోండి. ట్రక్ వెనక భాగాన్ని ఖాళీగా పోల్చడంలో అర్థం లేదు. మీరు టెంట్, నీళ్ళ క్యాన్లు, పనిముట్లు వేసుకుని తిరిగేవాళ్ళైతే అదే బరువుతో కొలవండి.

హ్యాండ్లింగ్‌కి ఈసారి రెండే విషయాలు. లిఫ్ట్ చేశాక అలైన్‌మెంట్ షీటులో క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే, చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) అంకె చూడండి. ముందు భాగం లేచేకొద్దీ అది సాధారణంగా తగ్గుతుంది. తగ్గితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, హైవే మీద బండి తేలుతున్నట్టుంటుంది. అలైన్‌మెంట్‌లో సరిపడా తిరిగి రాకపోతే పై ఆర్మ్‌లు మార్చాలి. రెండోది, పాత షీటు లేకుండా కొత్త షీటు చూపించి "బాగుందా?" అని అడగకండి. పోలికకి రెండూ కావాలి.

ఇంకో హెచ్చరిక. రోడ్డు మీద నడిపే బండి అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కిట్ కొనేముందు ఆర్టీవో దగ్గర కనుక్కోండి.

ఇప్పుడు అభ్యాసం. ఈసారిది కష్టమే, ఒక పూట పడుతుంది. స్ప్రింగులూ షాక్‌లూ ముట్టుకోవద్దు. మార్చేది టైరు గాలి ఒక్కటే.

ఫోన్‌లో ఫైఫాక్స్ యాప్ వేసుకోండి. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఉచిత యాప్ ఇది. అందులో భూమ్యాకర్షణ తీసేసిన త్వరణం చూపించే ప్రయోగాన్ని ఎంచుకుని, ఫోన్‌ని ముందు సీటు కింది నేలకి, కార్పెట్ తీసి, గట్టి టేపుతో అతికించండి. జేబులో పెట్టుకుంటే మీ ఒళ్ళు ఊగడమే రికార్డవుతుంది. రద్దీ లేని చోట ఒక స్పీడ్ బ్రేకర్ ఎంచుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన ఊళ్ళలో ఉన్నవి ఎవరికి తోచినట్టు వాళ్ళు పోసినవి. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా అదే బ్రేకర్, అదే దిశ, చక్రాలు దాటే చోటు కూడా అదే. వేగం 15 కిలోమీటర్లు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న ప్రెషర్ పెట్టి మూడుసార్లు దాటండి. నాలుగు టైర్లలోనూ 6 పీఎస్ఐ తగ్గించి మూడుసార్లు. తర్వాత మళ్ళీ స్టిక్కర్ ప్రెషర్‌కి తెచ్చి మూడుసార్లు. ఈ చివరి మూడూ దండగ అనుకోకండి, అసలు పరీక్ష అదే. మొదటి మూడు, చివరి మూడు ఒకదానికొకటి దగ్గరగా రాకపోతే మీ కొలిచే పద్ధతిలోనే తేడా ఉంది. మధ్యలో కనిపించిన మార్పుని గాలి ఖాతాలో వేయడానికి లేదు. షాక్‌లు వేడెక్కి ఉండొచ్చు, వేగం తప్పి ఉండొచ్చు. మళ్ళీ మొదలుపెట్టండి.

గ్రాఫ్‌లో రెండు చోట్ల చూడాలి: ముందు చక్రాలు ఎక్కినప్పటి ఎత్తైన గీత, దిగాక వచ్చే సన్నని గీత. దిగాక సూదిలా నిటారుగా ఒక గీత వస్తే, కాలర్ బాగా బిగించిన బండి అయితే, షాక్ చివరిదాకా సాగి ఆగుతోందేమో అని మొదట అనుమానించండి. తొమ్మిది గ్రాఫ్‌లూ పంపండి, దాంతోపాటు హబ్ నుంచి మడ్‌గార్డ్‌కి నాలుగు కొలతలు, బండిలో ఉన్న బరువు, టైరు సైజు, ఏ పద్ధతిలో లిఫ్ట్ చేశారో రాయండి. గాలి తగ్గించిన టైర్లతో హైవే ఎక్కకండి, పంపు వెంట తీసుకెళ్ళండి.

సమయం మిగిలితే ఇంకోటి. చదునైన ఖాళీ మైదానంలో 15 మీటర్ల వ్యాసార్థంతో సున్నంతో ఒక చుట్టు గీసి, 24 కిలోమీటర్ల వేగంతో ఆ గీత మీదే తిరగండి. పక్కకి తోసే బలం గురుత్వంలో సుమారు 0.3 వంతు ఉంటుంది. 2000 కిలోల బండికి బరువు కేంద్రం 75 సెం.మీ. ఎత్తులో, చక్రాల మధ్య దూరం 157 సెం.మీ. అనుకుంటే, లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి సుమారు 287 కిలోలు జరుగుతాయి. అదే కేంద్రం 5 సెంటీమీటర్లు లేస్తే 306. వేగం ఇంతకుమించి పెంచొద్దు. పక్కన కూర్చున్నవాళ్ళు స్టీరింగ్ ఎంత తిప్పి పట్టుకోవాల్సి వస్తోందో, రిమ్ మీద అతికించిన టేపు గుర్తుతో కుడి చుట్టుకీ ఎడమ చుట్టుకీ విడివిడిగా రాసుకోవాలి.